తెలుపులో కలిపే నీలం

1978 జూన్ 12, సోమవారం, ఉదయం పదీ ముప్పై అయిదు. గుడియాత్తం బజారులో మా నాయన రంగుల అంగడి గోడ గడియారం పదీ నలభై చూపించింది గానీ, అది ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందే నడిచేది. నాయన సరుకు విడిపించడానికి లారీ ఆఫీసుకు వెళ్ళాడు. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు.

దుప్పటిలో చుట్టిన గిటారు చంకన పెట్టుకుని ఒక మనిషి బస్సు దిగి నేరుగా మా అంగడికి వచ్చాడు. వేలూరులో వాద్యాలు బాగుచేసే మునిరత్నం నాయుడు గారు. ఒక పొట్లం కావి కావాలన్నాడు. గోడకా, దీనికా అని అడిగాను. దీనికే అన్నాడు. గిటారు కాఫీడికాషను రంగు. మోచెయ్యి ఆనేచోట చింతగింజంత పూత ఊడిపోయి, లోపలి చెక్క తెల్లగా కనిపిస్తోంది.

"కావి వద్దన్నా," అన్నాను. "పొడిగా చూస్తే కలిసినట్టే ఉంటాది. తడిస్తే ఇటుక రంగయిపోతాది."

ఆయన నమ్మలేదు. గాజుపలక తెచ్చి దాని మీద మూడు రకాల గోధుమరంగు పొడులు చిటికెడు చొప్పున వేసి, ఒక్కొక్కదానిలో ఒక చుక్క నూనె కలిపి వేలితో నూరాను. పలకను గిటారు మీద, దెబ్బ పక్కనే ఆనించాను. రెండు పొడులు వేరుగా తెలిసిపోయాయి. మూడోదానికి మసి నలుపు సూదిమొనంత చేర్చాక, గాజు మీద మరక ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆయన పలకను అటూ ఇటూ జరిపి చూశాడు. గురువారం వేలూరికి రాగలవా అని అడిగాడు. అలా వెళ్ళినదాన్ని నలభై రెండేళ్ళ తొమ్మిది నెలలు ఆయన అంగడిలో ఒకే స్టూలు మీద కూర్చున్నాను.

నాయన వద్దనలేదు. అంగడి ఎలాగూ నా తమ్ముళ్ళిద్దరికీ పోతుంది. మా అత్త మాత్రం శెట్ల ఇంటి పిల్ల బస్సెక్కి పోయి గిటార్లకు మెరుగు పెడుతుందా అని మూడు నెలలు ఎత్తిపొడిచింది. నాయన చెప్పింది ఒకే మాట. "గోడకు పూసింది వానకు పోతే ఎవురూ అడగరు. మనిషి ఒళ్ళో పెట్టుకునే వస్తువుకు పూస్తే దినామూ దాన్నే చూస్తాడు. తెలుసుకోని పో."

ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి అసలు సంగతి ముందే చెబుతాను. ఈ పనిలో మన సొత్తు చెయ్యి కాదు, పొడులు కావు. 'ఆమె కలిసిందంటే కలిసినట్టే' అని పదిమంది నమ్మడమే మన సొత్తు. నేను దాన్ని ముప్పై నాలుగేళ్ళు కాపాడుకున్నాను. తర్వాత మూడేళ్ళలో, నాకు తెలియకుండానే, పోగొట్టుకున్నాను.

పొడి అబద్ధం చెబుతుంది

మొదట నేర్చుకోవలసింది ఇదే. డబ్బాలో ఉన్న పొడి రంగును చూసి ఏ నిర్ణయమూ చెయ్యకూడదు. లక్క రేకులు స్పిరిట్లో కరిగించి, దానిలో పొడి నూరి, గాజు మీద పూసి, ఆరనిచ్చి, గాజును దెబ్బ మీద పెట్టి చూడాలి. లక్కకు సొంతంగా పసుపుపచ్చ ఛాయ ఉంది. ముదురు రంగుల్లో అది తెలియదు. లేత రంగుల్లో, ముఖ్యంగా తెలుపులో, అదే మన కొంప ముంచుతుంది. అందుకని తెల్ల గిటారుకు పూత కలిపేటప్పుడు తెలుపు పొడిలో కాస్త నీలం వెయ్యాలి. సున్నం కొట్టేవాళ్ళు బకెట్లో నీలిమందు వేసేది కూడా ఇందుకే. ఎంత వెయ్యాలనేది చెప్పలేము. నేను ఆవగింజలతో కొలిచేదాన్ని.

ఆరు పొడులు చాలు: తెలుపు, మసి నలుపు, పసుపు మట్టి, ఎర్ర మట్టి, గోధుమరంగు మట్టి, నీలం. ఎక్కువ డబ్బాలు కొనేవాళ్ళకు నమ్మకం తక్కువ. మూడింటికి మించి కలిపితే బురదే మిగులుతుంది. చెక్క కనిపించే గిటారయితే ఆ చెక్కలో ఉన్న అన్నిటికంటే లేత రంగును ముందు నింపి, గీతలు తర్వాత సన్న కుంచెతో దిద్దాలి. చూడడం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపల, ఎండ పడని వైపు కిటికీ దగ్గర మాత్రమే. ట్యూబులైటు కింద కలిసిన రంగు బయటికి వెళ్తే విడిపోతుంది.

నాయుడు గారికి ఒక అలవాటు ఉండేది. పని అయ్యాక గిటారు పట్టుకుని వీధిలోకి వెళ్ళి, తన అంగడి ముందు పూలు కట్టే మునెమ్మ ఒళ్ళో పెట్టేవాడు. "యాడ రిపేరు చేసినామో చూపించు," అనేవాడు. ఆమె చూపిస్తే నేను మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. చూపించలేకపోతే ఆమెకొక టీ. ఆమె వేలు పెట్టిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది. మొదటి ఏడాది నలభై ఆరు గిటార్లలో ఇరవై చూపించింది. మూడో ఏడాదికి అది నాలుగుకు దిగింది. నేను దిద్దుకున్న కొద్దీ ఆమెకు టీలు పెరిగాయి. "నీ వల్ల నాకు రేత్రిళ్ళు నిద్దర కరువొస్తాదిమే," అని నవ్వేది. చదువులేని మనిషి. నాకు ఆమె కంటే కఠినమైన పరీక్షాధికారి దొరకలేదు.

గోడలు నేర్పిన ఎరుపు

ఎన్నికలొస్తే మా నాయన అంగడికి రెండు కళగం పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు. రెండు జెండాల్లోనూ నలుపూ ఎరుపూ ఉన్నాయి కాబట్టి సరుకు ఒకటే, గోడలే వేరు. ఒకరు బుక్ చేసుకున్న గోడ మీద ఇంకొకరు రాశారని అంగడి ముందే కొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఎరుపులో చవకైనదే అడిగేవాళ్ళు. అది వెలిసిపోతుందని నేను చెప్పబోతే నాయన ఆపేవాడు. "ఓట్లు లెక్కపెట్టేదాకా నిలిస్తే చాలమ్మా వాళ్ళకి."

నేను ఆ గోడలను ఏడాది పొడుగునా చూసేదాన్ని. మసితో రాసిన పేర్లు అలాగే నిలిచేవి. పేర్ల చుట్టూ గీసిన ఎర్రగీత వేసవికి గులాబీ అయ్యేది, మరో వేసవికి ఉండేది కాదు. కావితో గీసినదొక్కటే చెక్కుచెదరలేదు. పెద్ద పెద్ద నాయకుల పేర్ల మీద మా బజారు ఎండ పెట్టిన పరీక్ష అది.

బహిరంగసభలకు ముందు పాటలు పాడే ఒక మేళం వాళ్ళ ఎర్ర గిటారు వచ్చినప్పుడు, నాయుడు గారు మెరిసే ఎరుపు తెచ్చి ఇచ్చాడు. వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది. అప్పుడు పదకొండు రకాల ఎరుపులను అట్టముక్కల మీద పూసి, సగం నల్లకాగితంతో కప్పి, మిద్దె మీద ఎండకు పెట్టాను. ఆరు నెలల తర్వాత కాగితం తీస్తే నాలుగింటిలోనే రెండు సగాలూ ఒక్కటిగా ఉన్నాయి. అప్పటినుంచి ఎరుపు సంగతి ఆయన నన్నే అడిగేవాడు. తన తప్పు పదిమంది ముందు ఒప్పుకోవడం ఆయనకు వచ్చు. నేను చూసిన మేస్త్రీలలో ఆ విద్య వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురే.

అరక్కోణం

నా మొదటి పెద్ద తప్పు 1981లో. అరక్కోణంలో రైలింజను నడిపి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియను ముసలాయన గిటారు. అంచుల్లో ముదురెరుపు, నడుమ చెక్క తేనెరంగు. అంచు దగ్గర గీరుకుపోయింది. ఆ ఎరుపు మా గుడియాత్తం కైలీ లుంగీలకు వేసే సాయం, అంటే నూలుకు అద్దే రంగే, అనిపించింది. తెలిసినవాళ్ళ సాయం షెడ్డుకు వెళ్ళి చిటికెడు పొడి తెచ్చాను. స్పిరిట్లో వేస్తే చక్కగా కరిగిపోయింది. నూరే పనే లేదు. అదే నాకు హెచ్చరిక కావలసింది. మంచి పొడి కరగదు, తేలుతుంది. కరిగేది సాయం. అది ఉన్నచోట ఉండదు.

పైన మెరుగుపూత వెయ్యగానే ఎరుపు పాకింది. చెక్క గీతల వెంట రెండంగుళాలు, తేనెరంగు మధ్యలోకి. గీరినా పోలేదు.

నాయుడు గారు తిట్టలేదు. గిటారు నా చేతికిచ్చి, నువ్వే తీసుకుపోయి చెప్పిరా అన్నాడు. కాట్పాడిలో రైలెక్కి అరక్కోణం చేరేదాకా మాటలు పేర్చుకున్నాను. ఆ ముసలాయన వెలుతురుకు పెట్టి చూసి, ఎందుకిలా అయిందని అడిగాడు. చెప్పాను. సాయానికీ పొడికీ తేడా పూర్తిగా అర్థమయ్యేదాకా ప్రశ్నలు వేశాడు. తన ఉద్యోగంలో తప్పు చేసినవాడితో కంటే ఎందుకు జరిగిందో చెప్పలేనివాడితోనే భయమని, నువ్వు చెప్పగలిగావు కాబట్టి ఇంకో గిటారు కూడా తీసుకుపొమ్మని అన్నాడు. ఆ రెండో గిటారును తొమ్మిది రోజులు చేశాను. మునెమ్మ చూపించలేకపోయింది.

నా పుస్తకం

ప్రతి పనికీ తేదీ, గిటారు రంగు, పొడుల పాళ్ళు రాసి పెట్టేదాన్ని. మొత్తం పదిహేడు నోటుపుస్తకాలు. తెలుగులో రాశాను. మా అవ్వ నాకు పలకమీద నేర్పిన అక్షరాలవి. మావైపు తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి పదిమంది, చదవగలిగేవాళ్ళు ఊరికి పదిమంది. నాయుడు గారికి ఇంట్లో తెలుగే, రాత అరవమే. నా పుస్తకం తిరగేసి, జిలేబీలు చుట్టినట్టుందని పక్కన పెట్టేవాడు. 2008లో పనిలో చేరిన సెల్వికి మాట కూడా అరవమే. వాళ్ళిద్దరి కళ్ళ ముందు తెరిచి ఉన్న పుస్తకం నాకు తప్ప ఎవరికీ అక్కరకు రాదు. లోపల్లోపల నాకది గర్వంగానే ఉండేది.

2011లో అంగడి వేలూరులోనే సత్తువాచారికి మారింది. మెట్లెక్కి పైకి రావాలి. వెలుతురు బాగుంది, స్థలం పెద్దది. మునెమ్మ అప్పటికే లేదు. గిటారు పట్టుకుని మెట్లు దిగి ఎవరినో అడిగే అలవాటు పోయింది. ఇక ఎందుకులే అనుకున్నాం. ఇంత అనుభవం వచ్చాక అడగడం నామోషీ అని నేనే అన్నట్టు కూడా గుర్తుంది.

కట్టు విప్పాక

2015 ఫిబ్రవరి 17న నా కుడికంట్లో శుక్లం తీశారు. ఎడమకన్ను నెల తర్వాత అన్నారు. మూడు రోజుల తర్వాత, ఇరవయ్యో తేదీన, డాక్టరు విశ్రాంతి అన్నా వినకుండా అంగడికి వెళ్ళాను. కిటికీ పక్కన ఒక తెల్ల గిటారు వేలాడుతోంది. ఆపరేషనుకు ముందురోజు నేనే పూర్తిచేసి, కలిసింది అని చీటీ కట్టినది.

దాని భుజం మీద రూపాయి బిళ్ళంత పసుపు మరక ఉంది.

ఎవరైనా కూరచేత్తో ముట్టుకున్నారేమోనని తుడవబోయాను. పోలేదు. అనుమానం వచ్చి కుడికన్ను మూసుకున్నాను. మరక మాయమైంది. గిటారంతా పాత పంచెలా ఒకే రంగు. ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిచాను. గిటారు పాలలా, మరక పసుపులా. అయిదారుసార్లు అలా మార్చి మార్చి చూశాను. తర్వాత స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకాలు తీశాను.

2004లో ఒక తెల్ల గిటారు: తెలుపు రెండు చెంచాలు, నీలం ఒక ఆవగింజ. 2012లో అదే తయారీ, అదే తెలుపు: నీలం అర ఆవగింజ. 2013 చివర: పావు. 2014 జూలై నుంచి నీలం అన్న మాటే లేదు. శుక్లం వల్ల నా కంటికి అన్నీ పసుపుగానే ఉండి, లక్కలోని పసుపు వేరుగా కనబడడం మానేసింది. కనబడని దాన్ని విరిచే నీలం ఎందుకు వేస్తాను? మూడేళ్ళపాటు నా కన్ను పోతున్న సంగతిని నా చేత్తోనే, తేదీలతో సహా రాశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చదవలేదు.

నాయుడు గారు వచ్చి నా చేతిలో పుస్తకమూ గోడ మీద గిటారూ చూశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏడేళ్ళు. ఆయన కళ్ళకు ఆపరేషను అయిదేళ్ళ కిందటే అయింది.

"కనిపించిందా," అన్నాడు.

ఆయనకు తెలుసన్నమాట. ఎప్పటినుంచి అని అడిగాను.

"రెండేండ్లుగా. నువ్వు సాయంత్రం బస్సుకు పోయినాక నాకు దొరికినవి ఎనిమిది నేనే దిద్ది పంపించినాను. మిగతావి నేను చూసేలోపలే పోయినాయి."

"నాతో ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు స్టూలు దిగి పోతావు. మళ్ళా రావు. నువ్వు లేకుండా నాకు అంగడి నడపేది చేతకాదమ్మా."

"దిగిపోయుంటే బాగుండేది. నా పేరు చెప్పి తప్పుడు గిటార్లు పంపినావు కదన్నా," అన్నాను. సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాటినుంచి పనికి వెళ్ళాను గానీ ఆయనతో మాట్లాడలేదు. ఏదైనా కావలసివస్తే సెల్వితో చెప్పించేదాన్ని. మార్చిలో ఎడమకన్నుకు కూడా ఆపరేషను అయింది. అప్పుడూ మాట్లాడలేదు. ఏప్రిల్ 4న ఆయన ఒక లేతనీలం గిటారు తెచ్చి నా ముందు పెట్టాడు. తనే పూత కలిపాడు. "కలిసిందా చూడు," అన్నాడు. చూశాను. నీలం కొంచెం ఎక్కువైందన్నా అన్నాను. సరే తీసేస్తానని గిటారు పట్టుకెళ్ళాడు. మా రాజీ అంతే.

ఆయన చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. దయ చూపించాలనుకుంటే నిజం చెప్పి చూపించాలి. కానీ ఎనిమిది గిటార్లను, డెబ్బై అయిదు దాటిన చేతులతో, నా పరువు కోసం ఎవరికీ చెప్పకుండా దిద్దిన మనిషి ఇంకొకరు నాకు తెలియదు. నా తప్పు అంతకంటే పెద్దది. ఆ పుస్తకం అరవంలో ఉండివుంటే సెల్వి మొదటి ఏడాదే అడిగేది, నీలం ఎందుకు తగ్గుతోందక్కా అని. అప్పటినుంచి పాళ్ళను రెండు లిపుల్లోనూ రాశాను. నెలకొకసారి సెల్వి పాత పేజీలు పైకి చదివేది, నేను వినేదాన్ని. కలిసిందనే చీటీ మీద ఇద్దరి సంతకాలు ఉంటేనే గిటారు మెట్లు దిగేది.

తర్వాత ఆ గిటార్ల కోసం తిరిగాను. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, ఆదివారాలు. పేర్ణాంబట్టులో షూ పైతోళ్ళు కుట్టే ప్రకాశం ఇంటికి వెళ్ళినప్పుడు, అతని తెల్ల గిటారు మీద నేను పూసిన చోట పువ్వు బొమ్మ స్టిక్కరు అంటించి ఉంది. సంగతి చెప్పి, స్టిక్కరు తియ్యమన్నాను. మొహమాటపడ్డాడు.

"పసుపుగా కనిపించిందమ్మా. మీరు కలిసిందని చీటీ రాసినారు కదా. నా కండ్లే చెడిపోయినాయేమో అనుకున్నా. కండ్లాసుపత్రికి కూడా పోయొచ్చినా."

నన్ను నమ్మి తన కళ్ళను అనుమానించాడు. ఎవరు తిట్టినా నాకు అంత తగిలేది కాదు. గిటారు తెచ్చుకుని, పూత గీసేసి, మళ్ళీ చేశాను. తిరిగి ఇచ్చినప్పుడు అతని భార్య అన్నం తినేదాకా కదలనివ్వలేదు.

ఇలాంటి మనుషుల మధ్య పని చేశాను. అది నా అదృష్టం. 2018లో నాయుడు గారు పోయారు. నేను 2021 మార్చి 31న స్టూలు దిగాను. ఇప్పుడు దాని మీద సెల్వి కూర్చుంటోంది. ఇది మొత్తం ఆమెకు చదివి, అరవంలో చెప్పి వినిపించాను. అంకెలు ఆమే సరిచూసింది.

పోయినవి

2012 జనవరి నుంచి 2015 ఫిబ్రవరి దాకా నేను చేసిన తెలుపు, మీగడరంగు, లేతనీలం గిటార్లు ముప్పై ఒకటి. నాయుడు గారు దిద్దినవి ఎనిమిది. నా తప్పుతోనే బయటికి పోయే వీలున్నవి ఇరవై మూడు. వాటిలో వెతికి చూసినవి పందొమ్మిది, ఆచూకీ దొరకనివి నాలుగు. చూసినవాటిలో బాగున్నవి ఎనిమిది, మరక తెలిసినవి పదకొండు.

ఆ పదకొండులో మళ్ళీ చెయ్యనిచ్చినవాళ్ళు ఏడుగురు. వద్దన్నవాళ్ళు ముగ్గురు. మరక చూడలేక గిటారు మొత్తం నల్లరంగు కొట్టించుకున్నవాడు ఒకడు. మళ్ళీ చేసిన ఏడింటిలో, గీసేటప్పుడు అరచేతి వెడల్పున అసలు పూత కూడా పోయినవి రెండు. అవి ఇక రావు.

నాయుడు గారితో మాట్లాడని రోజులు నలభై రెండు.